పాఠం మారాలంటే విభాగం కదలాలి

కెనడాలోని వాంకూవర్ నగరం. అక్కడి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ విద్యార్థులకు భౌతికశాస్త్ర తరగతి. ఒక్కో సెక్షనులో సుమారు 270 మంది. పాఠం ఒకటే: విద్యుదయస్కాంత తరంగాలు.

ఒక సెక్షనుకు, బోధనలో మంచి పేరున్న సీనియర్ ఆచార్యుడు ఎప్పటిలాగే ఉపన్యాసం ఇచ్చారు. రెండో సెక్షనుకు ఆ వారం పాఠం చెప్పింది పెద్దగా అనుభవం లేని యువ పరిశోధకుడు. ఆయన ఉపన్యాసం జోలికి పోలేదు. కొన్ని పుటలు ఇంటి దగ్గరే చదివి రమ్మన్నారు. తరగతిలో ప్రశ్న వేశారు. విద్యార్థులు పక్కవారితో చర్చించి, చేతిలోని చిన్న పరికరం మీట నొక్కి జవాబిచ్చారు. ఎక్కడ తడబడుతున్నారో అక్కడికక్కడే తెలిసిపోయింది. వివరణ ఆ తర్వాతే.

చివర రెండు సెక్షన్లకూ ఒకే పరీక్ష. ఉపన్యాసం విన్నవారి సగటు 41 శాతం. చర్చించి నేర్చుకున్నవారి సగటు 74 శాతం.

2011లో ‘సైన్స్’ పత్రికలో ఈ ఫలితం వెలువడింది. ఒక్క వారం ప్రయోగంతో అంతా తేలిపోయిందనలేము. అయితే 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను క్రోడీకరించినప్పుడూ మొగ్గు ఇటే కనిపించింది. ఉపన్యాస తరగతుల్లో తప్పినవారు సుమారు 34 శాతం కాగా, విద్యార్థులకు పని కల్పించిన తరగతుల్లో 22 శాతమే.

ఒక్కరు మారితే చాలదు

మరి ఇంత మేలైన పద్ధతి అన్ని తరగతులకూ ఎందుకు పాకలేదు? 2001లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో పంచుకున్న కార్ల్ వీమన్ ఈ ప్రశ్న పట్టుకున్నారు. ఉత్సాహం గల అధ్యాపకుడు ఒకరు పద్ధతి మార్చుకుంటారు. కొన్నాళ్లకు ఆ కోర్సు మరొకరి చేతికి వెళుతుంది. మళ్లీ నల్లబల్ల, మళ్లీ ఉపన్యాసం!

అందుకే ఆయన వ్యక్తులను కాక విభాగాలను కదిలించాలనుకున్నారు. 2006లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలోను, 2007లో బ్రిటిష్ కొలంబియాలోను ఈ పథకం మొదలైంది. ఏ కోర్సులు ఎలా మారుస్తారో విభాగమంతా కూర్చుని రాసివ్వాలి. పోటీలో నెగ్గిన విభాగానికే డబ్బు.

ఆ డబ్బుతో అదే శాస్త్రంలో డాక్టరేటు ఉన్నవారిని తీసుకుని, బోధన మెళకువల్లో తర్ఫీదు ఇచ్చారు. వారు అధ్యాపకుల పక్కనే ఉండి పనిచేశారు. ముందుంచుకున్న ప్రశ్నలు మూడే. విద్యార్థి ఏమి నేర్చుకోవాలి? నిజానికి ఏమి నేర్చుకుంటున్నాడు? ఎలా చెబితే మెరుగుపడతాడు?

అడ్డంకి ఎక్కడ?

అన్ని విభాగాలూ సమానంగా మారలేదు. అధిపతి శ్రద్ధ పెట్టినచోట పని సాగింది, లేనిచోట కుంటుపడింది. 2017లో వెలువరించిన పుస్తకంలో వీమన్ పెద్ద అడ్డంకిని సూటిగానే చెప్పారు. పరిశోధనకు దక్కే గుర్తింపు బోధనకు దక్కడం లేదు. పాఠం బాగా చెప్పడానికి వెచ్చించిన గంట, పదోన్నతి లెక్కలో పోగొట్టుకున్న గంటే అవుతోంది.

విద్యార్థుల వైపూ ఒక చిక్కుంది. 2019లో వెలువడిన హార్వర్డ్ అధ్యయనంలో, కొత్త పద్ధతిలో చదివినవారు ఎక్కువ నేర్చుకున్నారు గాని, తక్కువే నేర్చుకున్నామని భావించారు. చక్కని ఉపన్యాసం వింటున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. అసలు సంగతి తెలిసేది ప్రశ్నాపత్రం చేతికొచ్చాకే.