రైలుదారికి తాళము

సికింద్రాబాదు నుండి వాడికి పోవు రైలుమార్గము 1874లో నిజాము రాజ్యములో ప్రారంభమైనది. దానిపైనున్న స్టేషన్లలో లింగంపల్లి ఒకటి. 2003 నుండి ఎం.ఎం.టి.ఎస్. బండ్లు ఇక్కడి వరకు నడచుచున్నవి. దూరప్రయాణపు బండ్లు, గూడ్సుబండ్లు కూడ ఈ మార్గమున పోవుచుండును. ఇన్ని బండ్లు ఒకదానినొకటి ఢీకొనకుండ కాపాడునది ఏది?

డ్రైవరు కంటిచూపు ఒక్కటే ఇందుకు చాలదు. వేగముగా పోవు రైలు బ్రేకు వేసిన తరువాత చాల దూరము పోయిగాని ఆగదు. ప్రక్కకు తప్పుకొనుట దానికి సాధ్యము కాదు. అందుచే దారి సంగతి అతనికి ముందుగానే తెలియవలెను. దానిని తెలుపునది సిగ్నలు. బండిని ఒక లైను నుండి మరొక లైనుకు మళ్ళించునది పాయింటు.

తొలిరోజులలో సిగ్నళ్ళను, పాయింట్లను వేరువేరుగా, వాటివాటి చోటుననే త్రిప్పెడివారు. పాయింటు ప్రక్కలైనుకు తిరిగియుండగా ప్రధాన లైనుకు సిగ్నలు ఇచ్చుట కెట్టి అడ్డును ఉండెడిది కాదు. వడ్రంగము నేర్చిన జాన్ సాక్స్‌బీ అను ఆంగ్లేయుడు ఈ రెంటిని కలిపి నడపు యంత్రమునకు 1856లో పేటెంటు పొందెను. అటుపై వచ్చిన మార్పులతో ‘ఇంటర్‌లాకింగ్’ అను పద్ధతి స్థిరపడినది.

ఈ యంత్రముండు గదియే సిగ్నలు కేబిను. యార్డు అంతయు కనబడుటకై దానిని ఎత్తుగా, అద్దపు కిటికీలతో కట్టెడివారు. లోపల మీటలు వరుసగా నిలిచియుండును: ఆగు సిగ్నళ్ళకు ఎరుపు, పాయింట్లకు నలుపు, పాయింట్ల తాళములకు నీలము. పాయింట్ల మీటల నుండి ఇనుపకడ్డీలు, సిగ్నళ్ళ మీటల నుండి తీగలు బయటకు పోవును. మీటల అడుగున గాళ్ళు గల ఇనుపబద్దలుండును. ఒక మీట లాగినచో దాని బద్ద కదలి, విరుద్ధమైన మీటల గాళ్ళలోనికి అడ్డుముక్కలను నెట్టును. ఇక ఎంత బలముగా లాగినను ఆ మీటలు కదలవు.

ఒక ఉపమానము చెప్పవచ్చును. ఇంటికి రెండు తలుపులు, రెంటికి ఒకే తాళపుచెవి ఉన్నదనుకొనుడు. తాళము వేసినగాని చెవి ఊడిరాదు. అప్పుడు రెండు తలుపులును ఒకేసారి తెరచియుండుట అసంభవము. చిన్న స్టేషన్లలో నిజముగానే ఇట్టి తాళపుచెవులతో ఇంటర్‌లాకింగు జరిపెడివారు.

మరొక జాగ్రత్త కూడ కలదు. రెక్క సిగ్నలు తీగ తెగినచో, రెక్క తనంత తానే అడ్డముగా నిలిచి ‘ఆగుము’ అని చూపును. యంత్రము చెడినను బండి ఆగవలెనేగాని ముందుకు పోరాదనునదే ఇందలి సూత్రము.

మీటల స్థానమున తరువాత విద్యుత్ రిలేలు, ఆపై కంప్యూటర్లు వచ్చినవి. 2023 మే నాటికి దేశమున 6,400కు పైగా స్టేషన్లలో విద్యుత్, ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగు ఏర్పడినది. కాని సాధనము మారినను సూత్రము మారలేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ వద్ద ప్రధాన లైనుకు పచ్చసిగ్నలు పొందిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రక్కలైనులోనికి మళ్ళి, నిలిచియున్న గూడ్సుబండిని ఢీకొనెను. 290 మందికి పైగా మరణించిరి. సిగ్నలు తీగల అమరికలో మార్పులు చేయునపుడు జరిగిన లోపములే కారణమని విచారణలో తేలినది. పాయింటు ఒకవైపు, సిగ్నలు మరొకవైపు! సాక్స్‌బీ నివారింపగోరిన విపత్తే ఇది.

డ్రైవరు ఎర్రసిగ్నలును దాటుట వేరొక ప్రమాదము. దీనికి మీటల తాళము చాలదు. ఇందుకు భారతదేశమున తయారైన సాధనము ‘కవచ్’. పట్టాల నడుమ అమర్చిన గుర్తుబిళ్ళల వలన ఇంజను తానెక్కడ ఉన్నదో గ్రహించును. రేడియో ద్వారా సిగ్నలు స్థితిని తెలిసికొనును. డ్రైవరు ఏమరినచో తానే బ్రేకు వేయును. దీని తొలి పరీక్షలు లింగంపల్లి–వికారాబాదు–వాడి మార్గముననే జరిగినవి. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్లపై ప్రయోగము మొదలైనది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల నడుమ ఒకే లైనుపై ఎదురుగానున్న ఇంజనుకు 380 మీటర్ల దూరముననే రెండవ ఇంజను ఆగిపోయినది.

అయినను కవచ్ సైతము ఇంటర్‌లాకింగు చెప్పిన మాటనే నమ్మును. ఆ మాట తప్పైనచో బండిని రక్షించుట దానికిని కష్టమే. కావున తీగలలో ఏ మార్పు జరిగినను, పూర్తిగా పరీక్షించిన పిమ్మటనే బండిని పోనీయవలెను. తాళము ఎంత గట్టిదైనను, దానిని విప్పి మరల బిగించు చేతి శ్రద్ధపైననే ప్రయాణికుల ప్రాణములు ఆధారపడియున్నవి.