కంటెయినరుకు రేడియో ముద్ర

పూర్వం ఖజానా పెట్టెలకు లక్క ముద్ర వేసేవారు. ముద్ర పగిలితే పెట్టెను ఎవరో తెరచినట్లు తెలిసేది. నేడు ఓడ ఎక్కే సరుకు విషయంలో ఈ కాపలా పనికి రేడియో తరంగాలు కూడ తోడ్పడుతున్నవి.

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం ప్రాంతాలలో ఔషధ పరిశ్రమలు అనేకం ఉన్నవి. విదేశాలకు పంపే సరుకును కర్మాగారంలోనే ఉక్కు కంటెయినరులోకి ఎక్కించి తలుపు మూయవచ్చు. అది 65వ జాతీయ రహదారి మీద జహీరాబాదు దాటి, పూనా మీదుగా ముంబయి సమీపంలోని నవా షేవా రేవుకు పోతుందనుకుందాం. దారిలో తలుపు ఎవరూ తెరవలేదని సుంకాధికారి ఎట్లా నమ్మాలి?

ఇదివరలో సర్కారు అధికారి కర్మాగారానికి వచ్చి, తన ఎదుట సరుకు ఎక్కించి సీలు వేయించేవాడు. 2017లో కేంద్ర సుంకాల శాఖ ఈ పద్ధతిని మార్చింది. ఎగుమతిదారే ఎలక్ట్రానిక్ సీలు వేసుకునే ఏర్పాటు వచ్చింది. ఈ సీలు ఒక ఉక్కు బోల్టు. కోయనిదే ఊడిరాదు, కోసినది మరల అతకదు. దాని తలలో ఒక చిప్పు, ఒక ఏంటెన్నా ఉంటవి, బ్యాటరీ ఉండదు.

బ్యాటరీ లేకుండా అది ఎట్లా మాట్లాడుతుంది? అద్దం ముక్కతో ఎండను గోడ మీదికి తిప్పే బాలుని తలచుకోండి. వెలుగు సూర్యునిది, అద్దాన్ని కదిపి సైగ చేయడం బాలుని పని. అదే విధంగా రీడరు పంపిన తరంగాల శక్తిలో కొంత గ్రహించి చిప్పు మేల్కొంటుంది. మిగిలిన తరంగాన్ని ఒకసారి హెచ్చుగా, ఒకసారి తక్కువగా వెనుకకు మళ్ళించి తన సంఖ్యను తెలుపుతుంది. ఇట్లా పరావర్తన శక్తితో వార్త పంపవచ్చునని హ్యారీ స్టాక్‌మన్ 1948లోనే వివరించాడు. టోలు గేటు వద్ద లారీ అద్దంపై ఉండే ఫాస్టాగు పనిచేసేదీ ఈ సూత్రం మీదనే.

మన దేశంలో ఇందుకు 865 నుండి 867 మెగాహెర్ట్జుల తరంగాలను వాడుతారు. కాంతి వేగాన్ని ఈ పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లని విద్యార్థులు లెక్కకట్టవచ్చు. ఈ తరంగాలను లోహం వెనుకకు కొడుతుంది, నీరు పీల్చుకుంటుంది. మామూలు కాగితపు ట్యాగును ఇనుప రేకుకు నేరుగా అంటిస్తే సరిగా పలుకదు. అందుచేత సీలులోని ఏంటెన్నాను ఉక్కుకు ఎడంగా ప్లాస్టిక్ తొడుగులో అమరుస్తారు.

అయితే సీలు చెప్పేది ఒక సంఖ్య మాత్రమే. ఎగుమతిదారు ఆ సంఖ్యను కంటెయినరు, లారీ, ఎగుమతి పత్రాల సంఖ్యలతోను, సీలు వేసిన తేదీ, వేళలతోను జతచేసి ముందుగానే నమోదు చేయాలి. రేవులో అధికారి సీలును చదివి రెంటినీ సరిపోల్చుతాడు. సరిపోలకపోయినా, సీలు చెదిరి ఉన్నా పెట్టెను తనిఖీ చేస్తారు.

తలుపు మూసిన తరువాత తెరవలేదనే ఈ ముద్ర సాక్ష్యమిస్తుంది. లోపల ఏమున్నదో ఎరుగదు. ఒక మందుకు బదులు మరొక మందు పీపాలు ఎక్కిస్తే, ఆ పొరపాటును కూడ భద్రంగానే రేవుకు చేరుస్తుంది. కనుక తలుపు మూసే ముందు పీపాల చీటీలు చదివి లెక్క చూసే మనిషి శ్రద్ధ, రేడియో ముద్ర వచ్చిన తరువాత కూడ అంతే అవసరం.