శుష్క అడవుల్లో కాలినడక, బస: నిప్పు, నీరు నేర్పే నియమాలు

ఈ పాఠ్యభాగం చదివిన తర్వాత మీరు:
• వరంగల్ ప్రాంతపు అడవుల స్వభావాన్ని వివరించగలుగుతారు.
• అడవి బాటల్లో వేసవిలో, వానాకాలంలో ఎదురయ్యే ప్రమాదాలకు కారణాలు చెప్పగలుగుతారు.
• అభయారణ్య ప్రవేశానికి సంబంధించిన ముఖ్యమైన చట్ట నిబంధనలను పేర్కొనగలుగుతారు.

1. ప్రవేశిక

అడవిలో బస అనగానే చాలామందికి రెండు దృశ్యాలు కళ్లముందు మెదులుతాయి: వాగు ఒడ్డున గుడారం, దాని ముందు చలిమంట. చలిదేశాల కథలూ సినిమాలూ మనకు అలవాటు చేసిన దృశ్యాలివి. వరంగల్ చుట్టుపక్కల అడవుల్లో ఈ రెండూ ప్రమాదకరమే. ఎందుకో తెలియాలంటే ముందు ఈ అడవి ఎటువంటిదో తెలుసుకోవాలి.

2. అడవి స్వభావం

వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో పాఖాల అడవి ఉంది. దీనిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. ఈ అడవి నడుమ ఉన్న చెరువు 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో తవ్వించినది. మరోవైపు ఏటూరునాగారం అభయారణ్యం గోదావరి తీరం దాకా వ్యాపించి ఉంది.

ఇవి శుష్క ఆకురాల్చే అడవులు. టేకు, నల్లమద్ది, తునికి వంటి చెట్లు వేసవి నీటి ఎద్దడిని తట్టుకోవడానికి ఆకులు రాలుస్తాయి. ఏడాది వానలో అధిక భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. కాబట్టి మార్చిలో ఎండుటాకులతో నిండిన బాటే జూలైలో నీటి పాయగా మారవచ్చు. కాలాన్ని బట్టి ప్రమాదం కూడా మారుతుంది.

3. వేసవి: నిప్పు

రాలిన ఆకుల్లో తేమ ఉండదు. ఒక్క నిప్పురవ్వ పడినా మంట నేలబారుగా, గాలివాటున పాకుతుంది. పెద్ద చెట్లు తట్టుకోవచ్చు గాని మొలకలు, నేలమీద గూడు పెట్టే పక్షుల గుడ్లు, పాకే ప్రాణులు తట్టుకోలేవు. మంట ఆరినా నష్టం ఆగదు. ఆకుల కప్పు పోయిన నేలను తొలకరి జల్లులు కోసుకుపోతాయి. ఆ మట్టి వాగుల ద్వారా చెరువుల్లోకి చేరి పూడికగా మారుతుంది. అంటే అడవిలోని ఒక మంట దిగువనున్న రైతు నీటివాటాను కూడా తగ్గించగలదు.

అందుకే అటవీ సిబ్బంది వేసవికి ముందే ఆకులు ఊడ్చి, మంట దాటకుండా ఖాళీ దారులు తీస్తారు. మీరు పాటించవలసినది ఒక్కటే: అడవిలో చలిమంట, వంటపొయ్యి, బీడీ, సిగరెట్ వద్దు. వండిన ఆహారం వెంట తీసుకెళ్లండి.

4. వానాకాలం: నీరు

మీ తలపైన ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువ గుట్టల్లో కురిసిన వాన కొద్దిసేపట్లో మీ ముందున్న వాగులోకి చేరుతుంది. నీరు ఒక్కసారిగా మట్టిరంగుకు మారడం, చెత్త, కొమ్మలు కొట్టుకురావడం, ఎగువ నుంచి హోరు వినిపించడం దీనికి సూచనలు. నీటి వేగం రెట్టింపైతే కాళ్లపై దాని తాకిడి సుమారు నాలుగు రెట్లవుతుంది. అందువల్ల మోకాలి లోతు ప్రవాహం కూడా మనిషిని పడదోయగలదు.

2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతానికి వెళ్లిన సుమారు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. వాగు దాటవద్దన్న పోలీసుల సూచన పాటించి ఆగిపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం, పోలీసులు వారిని క్షేమంగా బయటికి తెచ్చారు. అదే సమయంలో ఆ జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. జంపన్నవాగు వరదకు కొండాయి గ్రామంలో ప్రాణనష్టం జరిగింది. ఆగినవారు బతికారు అన్నదే ఇక్కడ మనం గ్రహించవలసిన విషయం.

కాబట్టి వాగు ఒడ్డున, ఎండిన వాగు ఇసుకలో గుడారం వేయకండి. బయలుదేరే ముందు ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో స్థానిక కోయ పెద్దలను అడగండి. ఆ బాటలు వారి నిత్యజీవితపు దారులు.

5. చట్టం ఏమంటుంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షన్ అభయారణ్య ప్రవేశాన్ని పరిమితం చేస్తుంది. 28వ సెక్షన్ ప్రకారం అధ్యయనం, ఫొటోగ్రఫీ, పర్యాటకం వంటి అవసరాలకు అనుమతి పొందవచ్చు. అభయారణ్యానికి ముప్పు కలిగేలా మంట వేయడాన్ని, మండుతున్న నిప్పును వదిలి వెళ్లడాన్ని 30వ సెక్షన్ నిషేధిస్తుంది. రాత్రి బస అటవీ శాఖ అనుమతించిన చోటనే చేయాలి. ఈ నిబంధనలను కేవలం ఆంక్షలుగా చూడకండి. అనుమతి తీసుకున్నారంటే, మీరు తిరిగి రాకపోతే వెతకవలసిన చోటు ఒకరికి తెలిసి ఉంటుంది.

6. సారాంశం

శుష్క అడవిలో వేసవి ప్రమాదం నిప్పు, వానాకాలపు ప్రమాదం నీరు. బాటసారి భద్రత, అడవి భద్రత వేర్వేరు కావు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. శుష్క అడవుల్లో చెట్లు ఆకులు ఎందుకు రాలుస్తాయి?
2. అడవి మంటకు, చెరువు పూడికకు గల సంబంధాన్ని వివరించండి.
3. మీ ప్రాంతంలోని ఒక వాగు ఎక్కడ పుడుతుందో, గతంలో ఎప్పుడు పొంగిందో ఊరి పెద్దలను అడిగి ఒక పుటలో రాయండి.