ఇంటిపై సౌర విద్యుత్తుతో కారు ఛార్జింగ్: మేడ్చల్ పరిసరాలకు అనువైన లెక్క

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నుండి నిత్యం నగరానికి వెళ్లి వచ్చే కుటుంబాలకు విద్యుత్ కారు వల్ల ఇంధన వ్యయం తగ్గుతుంది. అయితే ఆ విద్యుత్తును గ్రిడ్ నుండే కొంటే, వినియోగం పెరిగిన కొద్దీ పై స్లాబులోకి వెళ్లి బిల్లు భారమవుతుంది. ఇంటి డాబాపై సౌర ఫలకాలను అమర్చుకోవడం ఇందుకు పరిష్కారం. అయితే వాటి సామర్థ్యాన్ని అవసరానికి తగినట్లు నిర్ణయించుకోవాలి.

సామర్థ్యం నిర్ణయించే విధానం

చిన్న విద్యుత్ కారు ఒక యూనిట్‌కు సుమారు 7 కి.మీ. నడుస్తుంది. రోజుకు 50 కి.మీ. ప్రయాణానికి 7 యూనిట్లు, ఛార్జింగ్ నష్టాలతో కలిపి 8 యూనిట్లు అవసరం. మన ప్రాంతంలో 1 కిలోవాట్ ఫలకాలు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల వరకు ఉత్పత్తి చేస్తాయి. అనగా కారుకు 2 కిలోవాట్లు కావాలి. నెలకు 180 యూనిట్ల గృహ వినియోగానికి మరో ఒకటిన్నర కిలోవాట్ చేర్చితే, మొత్తం మూడున్నర నుండి 4 కిలోవాట్లు సరిపోతాయి. కిలోవాట్‌కు సుమారు 10 చదరపు మీటర్ల నీడపడని స్థలం కావాలి. ధాన్యం, మిర్చి ఆరబోసుకునే డాబా అయితే ఆ స్థలాన్ని మినహాయించి లెక్కించాలి.

పగలు ఉత్పత్తి, రాత్రి ఛార్జింగ్

ఎండ ఉన్న వేళ కారు సాధారణంగా ఇంట ఉండదు. నెట్ మీటరింగ్ విధానంలో పగటి మిగులు గ్రిడ్‌కు చేరి, రాత్రి వాడకంతో బిల్లులో సర్దుబాటవుతుంది. మిగులుకు లభించే ధర తక్కువ కనుక అవసరానికి మించిన సామర్థ్యం లాభదాయకం కాదు. కారు పగలు ఇంట ఉంటే 10 ఆంపియర్లతో, అనగా సుమారు 2.3 కిలోవాట్లతో మధ్యాహ్నం ఛార్జ్ చేయడం ఉత్తమం. బ్యాటరీ లేని గ్రిడ్ అనుసంధాన ఇన్వర్టర్, సిబ్బంది భద్రత దృష్ట్యా, సరఫరా నిలిచినప్పుడు తానూ ఆగిపోతుందని వినియోగదారులకు ముందే తెలియజేయాలి.

ప్రోత్సాహకాలు

2024లో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు రూ. 60,000, 3 కిలోవాట్లు, ఆపైన గరిష్ఠంగా రూ. 78,000 రాయితీ నిర్ణయించారు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపును 2026 డిసెంబరు 31 వరకు ప్రకటించింది.

పాటించవలసిన జాగ్రత్తలు

• వ్యవసాయ పంపుసెట్లకిచ్చే ఉచిత విద్యుత్తును కారు ఛార్జింగ్‌కు వాడరాదు. అది సేద్యపు నీటికి మాత్రమే ఉద్దేశించినది.
• ఛార్జింగ్‌కు ప్రత్యేక వైరింగ్, ఎం.సి.బి., ఆర్.సి.సి.బి., సరైన ఎర్తింగ్ తప్పనిసరి. పొడిగింపు తీగలు వాడరాదు.
• మంజూరైన లోడు చాలకపోతే ముందుగా పెంచుకోవాలి.
• ఫలకాలను దక్షిణ దిశగా సుమారు 17 డిగ్రీల వాలుతో అమర్చి, దుమ్మును ఉదయం చల్లని వేళ కడగాలి.

మే నెలలో ఎండ తీవ్రంగా ఉన్నా, ఫలకాలు వేడెక్కడం వల్ల ఉత్పత్తి కొంత తగ్గుతుంది. వానకాలంలో మబ్బుల వల్ల మరింత తగ్గుతుంది. కావున ఒక నెల బిల్లును బట్టి గాక, ఏడాది సగటును ఆధారం చేసుకొని విస్తరణ శాస్త్రవేత్తలు సలహా ఇవ్వాలి.