గేర్‌బాక్స్‌లో పోసేదంతా ఒకటే నూనె కాదు!

‘‘ఇది మీ బండికి పనికిరాదు బాబూ!’’

నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన డబ్బా మీది లేబుల్ చదివి మెకానిక్ అన్న మాట ఇది. దాని మీద పెద్ద అక్షరాలతో ‘ఏటీఎఫ్’ అని ఉంది. అంటే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. నాన్న కారు ఆటోమేటిక్. ఇంకేం కావాలి? రేటింగ్ బాగుంది, ధర తక్కువ.. ఆర్డర్ పెట్టేశా.

‘‘మీది సీవీటీ. ఇది పోస్తే లోపల బెల్టు జారుతుంది. ఆ తర్వాత గేర్‌బాక్స్ దించాల్సిందే’’ అన్నారాయన. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేక నాన్న ఇష్టపడి కొనుక్కున్న కారు అది. నాలుగు డబ్బులు మిగులుతాయని నేను చేసిన పనికి ఆయన మళ్లీ ఆటోల వెంట పడాల్సి వచ్చేది. ఇంజినీరింగ్ చదివానన్న మాటే గానీ ఈ సంగతి నాకు ఆ రోజు దాకా తెలీదు. అందుకే ఇంటికొచ్చాక కూర్చుని అంతా చదివా.

ఒక్క ఫ్లూయిడ్.. నాలుగు పనులు

ఇంజిన్ ఆయిల్ ముఖ్యంగా అరుగుదలను తగ్గిస్తుంది, వేడిని లాగేస్తుంది. గేర్‌బాక్స్ ఫ్లూయిడ్ ఆ రెండూ చేస్తూనే ఇంకో రెండు పనులు మోస్తుంది. గేర్లు మార్చేందుకు కావాల్సిన ఒత్తిడి దీనిదే. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని గేర్లకు అందించేదీ ఇదే. పైగా లోపలి క్లచ్ ప్లేట్లు ఎంత జారాలో, ఎంత పట్టుకోవాలో కూడా ఇందులో కలిపే రసాయనాలే తేలుస్తాయి. ఆ లెక్క తప్పితే గేరు మారేటప్పుడు కుదుపు, వణుకు మొదలవుతాయి.

మీది ఏ రకం?

‘ఆటోమేటిక్’ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ మన రోడ్ల మీద ప్రధానంగా నాలుగు రకాలున్నాయి.

టార్క్ కన్వర్టర్: అసలు ఏటీఎఫ్ తయారైంది దీనికోసమే. అయితే ఇందులోనూ కంపెనీకో రకం. టయోటాకి డబ్ల్యూఎస్, హ్యుందాయ్‌కి ఎస్‌పీ-4, హోండాకి డీడబ్ల్యూ-1.. ఇలా ఉంటాయి. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి, తయారైన సంవత్సరాన్ని బట్టి మారొచ్చు.

సీవీటీ: ఇందులో మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టో, గొలుసో తిరుగుతుంది. స్టీలు మీద స్టీలు జారకుండా పట్టుకోవాలి కాబట్టి దీని ఫ్లూయిడ్ వేరు. హోండా హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్ ఎన్ఎస్-3 అలాంటివే.

డీసీటీ: రెండు క్లచ్‌లతో పనిచేస్తుంది. క్లచ్‌లు నూనెలో మునిగి ఉండే రకానికి ప్రత్యేకంగా డీసీటీ ఫ్లూయిడ్ కావాలి. పొడి క్లచ్ రకానికి కావాల్సింది వేరు.

ఏఎంటీ: 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలోకి వచ్చింది. నిజానికి ఇది మామూలు మ్యానువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన బదులు యంత్రం చేస్తుంది. కాబట్టి దీనికి కావాల్సింది కంపెనీ చెప్పిన గేర్ ఆయిల్. క్లచ్‌ని నడిపే యంత్రం హైడ్రాలిక్ అయితే దానికి వేరే ఫ్లూయిడ్ ఉంటుంది.

రంగు చూసి మోసపోవద్దు

‘‘ఎర్రగా ఉంటే చాలు సార్’’ అనేవాళ్లు చాలామందే కనిపిస్తారు. ఆ ఎరుపు కేవలం కలిపిన రంగు. కారు కింద నూనె కారితే అది ఇంజిన్‌దా, గేర్‌బాక్స్‌దా అని తేలిగ్గా పోల్చుకోవడానికి కలుపుతారు. రకాన్ని అది చెప్పదు.

కొత్తది పోస్తే ఎప్పుడూ మంచిదే అనీ అనుకోవద్దు. జనరల్ మోటార్స్ 2005లో డెక్స్‌రాన్-6 తెచ్చింది. డెక్స్‌రాన్-3 అడిగే ఆ కంపెనీ పాత గేర్‌బాక్స్‌లలో దీన్ని పోయొచ్చని చెప్పింది. కానీ 6 అడిగే కారులో 3 పోయకూడదు. అంతమాత్రాన వేరే కంపెనీ పాత కార్లన్నింటికీ 6 సరిపోతుందనీ కాదు. కొత్త వెర్షన్ వచ్చిందని అన్ని ఫోన్లలో ఇన్‌స్టాల్ చేయలేం కదా, ఇదీ అంతే.

ఇక ‘అన్ని కార్లకూ’ అని రాసి ఉండే డబ్బాలు. వీటిలో మంచి కంపెనీలవీ ఉన్నాయి. ముందువైపు బొమ్మ కాదు, వెనకవైపు చిన్న అక్షరాలు చూడండి. మీ మ్యానువల్‌లో ఉన్న కోడ్ అక్కడ కనిపిస్తేనే కొనండి.

మార్పించే ముందు...

⚫ డ్యాష్‌బోర్డ్ అరలో ఉండే ఓనర్స్ మ్యానువల్ తీయండి. ఫ్లూయిడ్ కోడ్, ఎన్ని లీటర్లు పడుతుంది, ఎప్పుడు మార్చాలి.. అన్నీ అందులోనే ఉంటాయి.

⚫ ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే నగర ప్రయాణాలు, ఎండలు, ఘాట్ రోడ్లు ఎక్కువైతే ఫ్లూయిడ్ త్వరగా పాడవుతుంది. ఇలాంటి వాడకానికి చాలా మ్యానువళ్లలో తక్కువ గడువు విడిగా రాసి ఉంటుంది.

⚫ డ్రెయిన్ బోల్టు విప్పితే పాత ఫ్లూయిడ్ మొత్తం రాదు. కొంత టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే మిగిలిన దానితో కలవడానికైనా సరైన రకమే పోయాలి.

⚫ స్థాయి చూడటానికి చాలా కార్లలో డిప్‌స్టిక్ ఉండదు. ఫ్లూయిడ్ నిర్ణీత వేడి దగ్గర ఉన్నప్పుడు కొలవాలి. అలవాటున్న మెకానిక్ అవసరం ఇక్కడే.

⚫ పొరపాటున వేరే రకం పోశారని తెలిస్తే కారు స్టార్ట్ చేయొద్దు. ముందు దాన్ని తీయించండి.

నా డబ్బా వెనక్కి పంపేశా. మ్యానువల్‌లో చెప్పిన ఫ్లూయిడ్ కొంటే దానికన్నా ఎక్కువే అయింది. అయితేనేం, గేర్‌బాక్స్ రిపేరుతో పోలిస్తే అదెంత! నాన్న ఎప్పటిలాగే పొద్దున్నే కారు తీసుకుని కూరగాయలకు వెళ్తున్నారు. ఆ కోడ్ మాత్రం ఇప్పుడు మా ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. మీరూ ఈ ఆదివారం ఓసారి మ్యానువల్ తెరిచి చూడండి.