కొన్న ఆటకు తాళం ఎవరి చేతిలో?

పోయినేడు వార్షికోత్సవానికి హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, మీరు కంప్యూటర్లు చదువుతున్నరట గదా, ఒక డౌటు. పైసలు పెట్టి కొన్న ఆట సతాయిస్తది, పెన్‌డ్రైవ్‌ల ఎవరో తెచ్చిన కాపీ ఆట మాత్రం మంచిగ నడుస్తది. ఎందుకన్నా?" అని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టేసరికి భోజనాల బెల్లు కొట్టారు. ఆ రోజు చికెన్. ఇక జవాబు ఎవరికి కావాలి! మ్యాగజైన్‌కు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు, ఆ మిగిలిపోయిన జవాబే రాద్దామనుకున్నాను.

ఈ ప్రశ్న నాకూ కొత్తది కాదు. 2016 మొదట్లో నేనూ ఇదే హాస్టల్లో తొమ్మిదో తరగతి. దాత ఎవరో ఇచ్చిన రెండు పాత కంప్యూటర్లు స్టడీ రూములో ఉండేవి. మన దగ్గర సీనియర్ల వస్తువులు జూనియర్లకు రావడం మొదటినుంచీ ఉన్న ఆనవాయితీ. గైడ్లు, అట్లాసు, ట్రంకు పెట్టె, చివరికి ప్లేటు కూడా అలా వచ్చినవే. నేను పదో తరగతి చదివిన లెక్కల గైడు మీద నాకంటే ముందు నలుగురి పేర్లు ఉన్నాయి. ఆ అలవాటు ప్రకారమే ఇంజనీరింగ్ చదువుతున్న మన సీనియర్ అన్న ఒకరు, తాను స్కాలర్‌షిప్ డబ్బులు మిగుల్చుకుని కొన్న కార్ల రేసు ఆటను, ఆడటం అయిపోయాక, పెట్టెతో సహా తెచ్చి మాకిచ్చారు. ఆట పేరూ, కంపెనీ పేరూ ఇక్కడ అవసరం లేదు.

డిస్క్ వేశాం. ఎక్కింది. తర్వాత పెట్టె లోపలి కాగితం మీద ఉన్న అక్షరాల కీ అడిగింది. కొట్టాం. ఈ కీ ఇదివరకే వాడారు అంది. అన్న తన అకౌంటు పేరు, పాస్‌వర్డ్ చెప్పారు. అది కంపెనీ నియమాలకు విరుద్ధమని అప్పుడు మాకు తెలియదు. లోపలికి వెళ్తే ఇంకేవో గిగాబైట్ల అప్‌డేట్ దింపుకోవాలంది. జియో ఇంకా రాలేదు, ఒక జీబీ డేటాకు రెండు వందల పైనే అయ్యే రోజులు. నెల నెలా వచ్చే కాస్మొటిక్ ఛార్జీలు అందరివీ కలిపినా అయ్యే పని కాదు. అన్న పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇచ్చిన గానీ ఇయ్యనట్టే అయింది రా" అన్నారు. వారం తర్వాత ఒకడు నెట్ సెంటర్ నుంచి అదే ఆటను ముప్పై రూపాయలకు రాయించుకొచ్చాడు. అది ఏ కీ అడగలేదు. (రెండు నెలల్లో ఆ కంప్యూటర్ నిండా వైరస్ పట్టి, లెక్కల సారు దాచుకున్న ప్రశ్నపత్రాలు కూడా పోయాయి. అది వేరే కథ.)

ఇప్పుడు విషయానికి వస్తాను. ఆటను కాపీ కాకుండా కాపాడుకోవాలన్న ఆలోచన కంప్యూటర్ ఆటలంత పాతది. ఫ్లాపీల కాలంలో ఆటతో పాటు ఇచ్చే పుస్తకంలోంచో, అట్ట చక్రంలోంచో జవాబు చెప్పమనేవారు. 1990లో వచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్' ఆటకు సముద్రపు దొంగల ముఖాలున్న తిప్పుడు చక్రం ఇచ్చారు. తెర మీద కనిపించిన ముఖాన్ని చక్రంలో కూర్చి, అక్కడ పడిన సంవత్సరం చెబితేనే ఆట సాగేది. జిరాక్స్ మిషన్లు దాన్ని ఓడించాయి.

సీడీలు వచ్చాక పద్ధతి మారింది. సేఫ్‌డిస్క్ అనే విధానంలో డిస్క్ తయారీలోనే కొన్నిచోట్ల చదవరాని తప్పులు కావాలని పెట్టేవారు. మామూలు రైటర్‌తో కాపీ చేస్తే ఆ తప్పులు సరిగా దిగవు. ఆట మొదలయ్యేటప్పుడు ఆ తప్పులు ఉన్నాయా అని చూసుకుంటుంది, లేకపోతే అది నకిలీ అని ఆగిపోతుంది. ఉపాయం బాగానే ఉంది. కానీ ఆట మొత్తం హార్డ్ డిస్క్‌లో ఉన్నా, ఆడిన ప్రతిసారీ సీడీ డ్రైవులో ఉండాలి. సీడీ మీద గీత పడితే డబ్బు పోయినట్టే. అటు తాళం పగలగొట్టడం తెలిసినవాళ్లు ఈ తనిఖీ జరిగే భాగాన్నే ప్రోగ్రాంలోంచి తీసేసి పంచేవారు. అది తీసుకున్నవాడికి సీడీతో పనేలేదు.

తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. తాళం కొన్నవాడి కాపీలోనే ఉంటుంది. దొంగ కాపీలో దాన్ని ముందే ఊడదీసి ఉంటారు. అందుకని తాళం వల్ల వచ్చే ఇబ్బంది అంతా కొన్నవాడికే.

సేఫ్‌డిస్క్ కథ ఆఖరుకు ఎక్కడికి చేరిందో చూడండి. అది విండోస్ లోపల తన డ్రైవర్ ఒకటి పెట్టుకుని పనిచేసేది. దానివల్ల భద్రతకు ముప్పుందని మైక్రోసాఫ్ట్ 2015లో వచ్చిన విండోస్ 10లో దాన్ని పనిచేయనివ్వలేదు. అదే సెప్టెంబర్‌లో ఒక అప్‌డేట్ ద్వారా పాత విండోస్‌లలోనూ ఆపేసింది. దాంతో నిజాయితీగా కొని బీరువాలో దాచుకున్న ఎన్నో డిస్క్‌లు ఎక్కడానికి మొరాయించాయి.

అసలు మలుపు అమెరికాలోని వాల్వ్ కంపెనీది. 2003 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ 'స్టీమ్' అనే ప్రోగ్రాం తెచ్చింది. మొదట అది తమ ఆటలకు అప్‌డేట్లు పంపే సాధనం. 2004 నవంబర్ 16న 'హాఫ్-లైఫ్ 2' ఆట వచ్చినప్పుడు, దుకాణంలో డిస్క్ కొన్నవాళ్లు కూడా స్టీమ్‌లో అకౌంటు తెరిచి, నెట్ ద్వారా అనుమతి తీసుకుంటేనే ఆడాలన్నారు. మొదటిరోజే సర్వర్లు తట్టుకోలేకపోయాయి. పెట్టె చేతిలో పెట్టుకుని జనం తిట్టుకుంటూ కూర్చున్నారు.

ఇందులో జరిగిందేమిటో మనకు తెలిసిన సంగతితో చెబుతాను. అంతవరకు ఆట అంటే ఒక పుస్తకం లాంటిది, ఎవరి చేతిలో ఉంటే వారిది. ఇప్పుడది హాస్టల్ రిజిస్టర్లో పేరు లాంటిదైంది. కీ కొట్టగానే అది కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది, ఫలానా అకౌంటు కింద రాసుకుంటుంది. డిస్క్ ఎవరికిచ్చినా రిజిస్టర్లో పేరు మారదు. మా అన్న బహుమతి చెడింది సరిగ్గా ఇక్కడే.

అయినా స్టీమ్ గెలిచింది, అది ఊరికే జరగలేదు. కంప్యూటర్ పాడైనా, మార్చినా, కొన్న ఆటను మళ్లీ ఉచితంగా దింపుకోవచ్చు. పెట్టెలు, లారీలు, దుకాణాలు అక్కరలేకపోవడంతో ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన చిన్న ఆటలు కూడా ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. పండగ తగ్గింపుల్లో ధర పావు వంతుకు పడిపోతుంది. 2015 నవంబర్ నుంచి మన రూపాయల్లోనే ధరలు చూపడం మొదలుపెట్టారు. అదే ఏడాది జూన్ నుంచి, కొన్న 14 రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వాపసు ఇస్తున్నారు. వాల్వ్ అధినేత గేబ్ న్యూయెల్ చాలాసార్లు చెప్పిన మాట, దొంగ కాపీల సమస్య ఎక్కువగా ధర వల్ల కాదు, సేవ సరిగా లేకపోవడం వల్ల అని. ముప్పై రూపాయల సీడీ కొన్నవాళ్లలో ఒకడిగా నాకు ఇది సగమే నిజమనిపిస్తుంది. మాకు ధర కూడా సమస్యే. కానీ అన్న ధర కట్టి తెచ్చిన ఆట కూడా మాకు అందలేదు కదా, ఆ సగం మాత్రం ఆయన చెప్పిందే.

మిగతా పెద్ద కంపెనీలు ఈ సేవ సంగతి వదిలి తాళాలు పెంచుకుంటూ పోయాయి. 2008 సెప్టెంబర్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ విడుదల చేసిన 'స్పోర్' ఆటను మూడుసార్లు మాత్రమే యాక్టివేట్ చేసుకోవచ్చన్నారు. అమెజాన్‌లో వేల మంది ఒక్క నక్షత్రం ఇచ్చి కోపం తీర్చుకున్నారు, కంపెనీ ఆ మూడును అయిదు చేసింది. అంత కట్టడి చేసినా దొంగ కాపీ ఆట విడుదలకు ముందే బయటికొచ్చింది.

2010 మార్చిలో యూబిసాఫ్ట్ 'అసాసిన్స్ క్రీడ్ 2' ఆటను కంప్యూటర్లకు తెచ్చింది. ఒక్కరే ఆడుకునే ఆట అది. అయినా ఆడుతున్నంతసేపూ నెట్ ఉండి తీరాలి. మెస్సులో ముద్ద ముద్దకూ హాజరు తీసుకున్నట్టు! నెట్ పోతే ఆట అక్కడికక్కడ ఆగిపోతుంది. వచ్చిన కొద్దిరోజులకే ఎవరో సర్వర్ల మీద దాడి చేయడంతో డబ్బు కట్టినవాళ్లు గంటల తరబడి ఆడలేకపోయారు. ఆ పద్ధతిని వదిలేసినట్టు కంపెనీ 2012లో చెప్పింది.

2013 మార్చిలో నగరాలు కట్టే ఆట 'సిమ్‌సిటీ'ది కూడా అదే దారి. సర్వర్లు కిక్కిరిసి, కొన్నవాళ్లు క్యూలో నిలబడ్డారు. లెక్కలు కొన్ని సర్వర్ల మీదే జరుగుతాయి కాబట్టి నెట్ లేకుండా ఆడటం కుదరదన్నారు. ఏడాది తిరిగేసరికి, 2014 మార్చిలో, నెట్ లేకుండా ఆడే ఏర్పాటు వాళ్లే ఇచ్చారు.

ఇంత తాళాల గోలలో నాకు బాగా నచ్చిన కథ పోలండ్‌ది. 1990ల్లో అక్కడి మార్కెట్లు మన కోఠీ ఫుట్‌పాత్‌లకంటే ఘనమైనవి, ఎటు చూసినా కాపీ సీడీలే. అలాంటిచోట 1994లో ఇద్దరు కుర్రాళ్లు సీడీ ప్రొజెక్ట్ అని కంపెనీ పెట్టి అసలు సీడీలు అమ్మడం మొదలుపెట్టారు. 1999లో 'బాల్డర్స్ గేట్' అనే పెద్ద ఆటను మొత్తం పోలిష్ భాషలోకి మార్చి, పెట్టెలో మ్యాపు, పుస్తకం, పాటల సీడీ కూడా పెట్టి అమ్మారు. కాపీవాడు ఇవ్వలేనిది ఇస్తే జనం అసలుదే కొంటారని వాళ్ల లెక్క. లెక్క తప్పలేదు. ఆ కంపెనీయే 2008లో 'గుడ్ ఓల్డ్ గేమ్స్' అనే దుకాణం తెరిచింది, ఇప్పుడు దాన్ని జీ.ఓ.జీ. అంటారు. అక్కడ కొన్న ఆటకు తాళం ఉండదు. ఇన్‌స్టాల్ ఫైలు దింపి పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే, తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కాకపోతే అక్కడ కూడా లైసెన్స్ కొన్నవారి ఒక్కరిదే, కాపీలు పంచడం నియమాలకు విరుద్ధం.

మరి వాడిన ఆటను అన్నలాగా ఇంకొకరికి ఇవ్వడం సంగతేమిటి? దీని మీద ఫ్రాన్స్‌లో వినియోగదారుల సంఘం ఒకటి వాల్వ్ మీద కేసు వేసింది. 2019 సెప్టెంబర్‌లో పారిస్ కోర్టు, ఆటను తిరిగి అమ్ముకునే హక్కు కొన్నవారికి ఉందంది. 2022 అక్టోబర్‌లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పుస్తకం చేతులు మారేకొద్దీ నలుగుతుంది, ఆట నలగదు, కాబట్టి రెండూ ఒకటి కావనేది కంపెనీల వైపు వాదన. వాదనలో బలం ఉంది. నాలుగు పేర్లున్న నా లెక్కల గైడు గుర్తొచ్చినప్పుడు మాత్రం నేను దాన్ని ఒప్పుకోలేను.

సర్వర్ ఆగితే ఏమవుతుందో 2024లో అందరికీ తెలిసింది. యూబిసాఫ్ట్‌దే 2014 నాటి కార్ల ఆట 'ది క్రూ' సర్వర్లను ఆ ఏడాది మార్చి 31న మూసేశారు. కొన్నవాళ్లు ఒంటరిగా కూడా దాన్ని ఆడలేకపోయారు. దాని మీద మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమపు అర్జీ మీద 2025 జూలై నాటికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. మనవాళ్లకూ ఈ అనుభవం ఉంది. 2020 సెప్టెంబర్‌లో ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది, అక్టోబర్ 30న సర్వర్లు ఆగాయి. తుపాకులకు రంగులు కొనుక్కున్న మిత్రులు ఆ రాత్రి ఎలా ఉన్నారో మన బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాలిఫోర్నియా రాష్ట్రం మాత్రం ఒక చట్టం చేసింది. 2025 జనవరి నుంచి, ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అయినప్పుడు ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. స్టీమ్ 2024 అక్టోబర్‌లోనే డబ్బు కట్టే పేజీలో ఆ వాక్యం పెట్టింది. చదివేవాళ్లు ఎందరో!

మన చట్టం గురించి ఒక మాట. కాపీరైట్ చట్టం ప్రకారం, కొన్న ప్రోగ్రాం పాడైపోకుండా బ్యాకప్ కాపీ పెట్టుకునే హక్కు మనకుంది. 2012 సవరణలో వచ్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. పెన్‌డ్రైవ్ తెచ్చిన తమ్ముడు ఇది రెండుసార్లు చదవాలి.

కొనే ముందు చూడవలసింది పెద్దగా ఏమీ లేదు. ఆట పేజీలో కింద చిన్న అక్షరాల్లో నెట్ ఎప్పుడూ ఉండాలా, వేరే కంపెనీ అకౌంటు కావాలా, డెనువో లాంటి తాళం ఉందా అని రాసి ఉంటుంది. స్టీమ్‌లో ఆఫ్‌లైన్ మోడ్ ఉంది, కానీ ముందు ఒకసారి నెట్ ఉన్నప్పుడు లాగిన్ అయి ఆట పూర్తిగా దించుకుని ఉండాలి. సెలవులకు ఊరెళ్లే ముందే ఆ పని చేసుకోండి.

అన్న ఇచ్చిన ఆ పెట్టె మొన్న కూడా స్టడీ రూము బీరువాలోనే ఉంది. అట్ట మీద "మన హాస్టల్ తమ్ముళ్లకు" అని ఆయన చేతిరాత, లోపల డిస్క్, పక్కన ఎవరూ వాడలేని ఆ కీ కాగితం. పెట్టెలో ఇప్పుడు చదరంగం పావులు పోసి పెట్టారు.