జ్వరం వెనక దాక్కున్న ఆకలి!

‘మా బాబుకి తిండి చాలడం లేదు డాక్టరుగారూ’ అంటూ ఏ తల్లీ ఆసుపత్రికి రాదు. జ్వరమనో, విరేచనాలనో, దగ్గనో వస్తుంది. మందు రాస్తే తగ్గుతుంది కూడా. నెల తిరిగేసరికి మళ్లీ అదే బిడ్డ, అదే జ్వరం! సరైన తిండి లేని ఒంటికి రోగాలు ఇట్టే అంటుకుంటాయి. రోగమొస్తే ఆకలి చచ్చిపోతుంది, ఒళ్లు ఇంకా చిక్కిపోతుంది. ఆ సంగతి కనిపెట్టే అవకాశం ఓపీలో కూర్చున్న డాక్టరుకే ఎక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మనదేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇక రక్తహీనత... 15-49 ఏళ్ల మహిళల్లో తెలంగాణలో 57.6 శాతానికి, అన్నపూర్ణ అని పేరుపడ్డ ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి ఉంది.

టేపు చాలు

లోపాన్ని పసిగట్టడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఆర్నెల్లు దాటిన, అయిదేళ్లలోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపమన్నట్టే. రెండు పాదాలూ వాచినా అనుమానించాల్సిందే. ‘బొద్దుగానే ఉన్నాడుగా’ అని ఇంట్లోవాళ్లు మురిసిపోయేది ఇక్కడే. అది కండ కాదు, నీరు! ఒకేరకం తిండి తిన్న పిల్లల్లోనే కొందరు ఎండిపోతే మరికొందరు ఉబ్బుతారని హైదరాబాద్‌ జాతీయ పోషకాహార సంస్థకు సారథ్యం వహించిన డాక్టర్‌ సి.గోపాలన్‌ 1960ల్లోనే చెప్పారు.

అలాంటి బిడ్డకి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ప్రాణానికే ముప్పు. అందుకే పోషకాహార పునరావాస కేంద్రాల్లో మొదట ప్రత్యేకంగా తయారుచేసిన పాలని రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా, రాత్రిళ్లు కూడా లేపి పడతారు. ఒళ్లు కాలకపోయినా లోపల ఇన్‌ఫెక్షన్‌ ఉండొచ్చు కాబట్టి యాంటీబయాటిక్‌ ఇస్తారు. ఐరన్‌ మాత్రం బరువు పెరగడం మొదలయ్యాకే. ‘బలానికి ఏదైనా టానిక్‌ రాయండి’ అని అడిగేవాళ్లకి ఇది వింతే మరి!

అమ్మ సంగతి?

గర్భిణికి 180 రోజులకు ఐరన్‌, ఫోలిక్‌ యాసిడ్‌ మాత్రలిస్తారు. చాలా ఇళ్లలో అవి బీరువాలోనే ఉండిపోతాయి. నాలుగు రోజులు వేసుకోగానే వికారం, మలం నల్లగా రావడం... భయపడి ఆపేస్తారు. ‘అలా అవుతుంది, కంగారుపడకు. టీతో కాకుండా నిమ్మరసంతో వేసుకో’ అని డాక్టరు ముందే చెబితే ఆ మాత్ర కడుపులోకి వెళ్తుంది. నిజానికి అడగాల్సిన ప్రశ్న మరోటుంది... ‘ఇంట్లో అందరికన్నా ఆఖర్న తినేదెవరు?’ దానికి జవాబు అత్తగారి ముందు, భర్త ముందు రాబట్టగలిగితే సగం వైద్యం అయినట్టే.

పునరావాస కేంద్రంలో బిడ్డతో రెండువారాలు ఉండమంటే తల్లికి కూలి పోతుంది. ఇంటి దగ్గర ఇంకో పిల్లో పిల్లాడో ఉంటారు. అందుకే మధ్యలోనే వెళ్లిపోయేవాళ్లుంటారు. వాళ్లమీద విసుక్కోకుండా భర్తని పిలిపించి మాట్లాడి, ఇంటికెళ్లాక వారం వారం బరువు చూడమని ఆ ఊరి అంగన్‌వాడీకి చీటీ రాసి పంపడం కూడా డాక్టరు పనే.